2045 జనవరి, లైప్‌జిగ్‌లో ఒక మామూలు రోజు: ఈ వివరాలు నిలబడతాయా? (ఆన్‌లైన్ చర్చ, పేర్లు రాసేవాళ్ళ మారుపేర్లు)

చిత్తుప్రతి:

నేను రాస్తున్న కథ కాలం 2045 జనవరి మధ్య, చోటు జర్మనీలోని లైప్‌జిగ్. 1960లలో కట్టిన నాలుగంతస్తుల భవనం, రెండో అంతస్తులో 70 చదరపు మీటర్ల ఫ్లాట్. పాత్ర యాభై దాటిన ఒకావిడ, ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగి. 2045 ఎందుకంటే, జర్మనీ తన వాతావరణ చట్టంలో కర్బన తటస్థతకు పెట్టుకున్న గడువు ఆ ఏడాదే. యూరోపియన్ యూనియన్ మొత్తానికైతే 2050. గడువు అందుకున్నారనే అనుకుని రాస్తున్నాను. ఎగిరే కార్లూ గాజు గోపురాలూ వద్దు. ఆవిడ లేచింది మొదలు పడుకునేదాకా చేతికి తగిలే వస్తువుల్లో తప్పులు లేకపోతే చాలు.

చిత్తులో రోజు ఇలా నడుస్తోంది. పొద్దున్న 7కి లేచేసరికి బాల్కనీలోని సోలార్ ప్యానెళ్ళ మీద ఎండ పడుతుంటుంది, కాఫీకి నీళ్ళు ఆ కరెంటుతోనే కాగుతాయి. పాత భవనాన్ని కూలగొట్టకుండా బాగుచేశారు, కిటికీలు మాత్రం తెరవడానికి వీల్లేకుండా బిగించేశారు. సాయంత్రం ఇంటికొచ్చి రేడియేటర్ (లోపల వేడినీళ్ళు తిరుగుతూ గదిని వెచ్చబరిచే ఇనుప పలక) తిప్పితే ఐదు నిమిషాల్లో గది వెచ్చబడుతుంది. వాషింగ్ మెషీన్ చవక కరెంటు కోసం అర్ధరాత్రిదాకా కాచుకుని ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం గ్రిడ్ పడిపోతుంది, ప్యానెళ్ళున్న ఇళ్ళు మాత్రం మామూలుగా నడుస్తుంటాయి. వారాంతంలో కూతురి దగ్గరికి, కోపెన్‌హాగెన్‌కు, రాత్రి రైలు. వంటింట్లో గాజు, ప్లాస్టిక్ కనపడవు, అన్నీ మట్టిలో కలిసిపోయే సంచులే.

ఇందులో ఏది నిలబడుతుంది, ఏది నేల విడిచిన సాము? అంకెలతో చెబితే ఇంకా మంచిది.

వేడినీళ్ళు:

భవనాన్ని కూలగొట్టకపోవడం మంచి పని. ఇవాళ ఉన్న భవనాల్లో 85 నుంచి 95 శాతం 2050లోనూ నిలిచే ఉంటాయని యూరోపియన్ కమిషన్ 2020లోనే లెక్క చెప్పింది. భవిష్యత్తులో మనుషులుండేది చాలావరకు ఇప్పటి ఇళ్ళలోనే.

రేడియేటర్ సీన్ తీసేయండి. ఎందుకో కాస్త విడమరిచి చెబుతాను, మీ కథకు అసలు సరుకు అక్కడే ఉంది.

1960ల భవనంలో రేడియేటర్లను 70 డిగ్రీలు, ఆపైన వేడి ఉన్న నీళ్ళ కోసం పెట్టారు. బాగుచేయడమంటే బయటి గోడలకు 16–20 సెంటీమీటర్ల ఇన్సులేషన్, మూడు పొరల గాజు కిటికీలు, సెల్లార్ కప్పుకూ అటక నేలకూ ఇంకో పొర. గట్టి చలిలో ఆ ఫ్లాట్‌కు మొదట 7 కిలోవాట్ల వేడి పట్టేదనుకోండి, ఇప్పుడు 3 చాలు. రేడియేటర్‌లోకి 70 డిగ్రీల నీళ్ళు వెళ్ళి 55గా తిరిగొస్తే, 20 డిగ్రీల గదికీ దానికీ సగటు తేడా 42.5 డిగ్రీలు. 45గా వెళ్ళి 38గా తిరిగొస్తే తేడా 21.5. తేడా సగమైనప్పుడు వేడి సగం కన్నా ఎక్కువే పడిపోతుంది, ఎందుకంటే అది తేడాకు 1.3 ఘాతంతో నడుస్తుంది. లెక్క వేస్తే 41 శాతం వస్తుంది. 7లో 41 శాతం అంటే దాదాపు 3. అందుకే పాత రేడియేటర్లు మార్చకుండానే హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తోడే యంత్రం) పని చేసేస్తుంది.

ఇక చేతికి ఎలా తగులుతుందో చూడండి. పాత రోజుల్లో రేడియేటర్ మీద చెయ్యి ఆనించి ఉంచలేరు. మీ పాత్ర ముట్టుకునేది పైన గోరువెచ్చగా, అడుగున వెచ్చదనం ఉందా లేదా అన్నట్టుంటుంది. తడి సాక్సులు ఆరేస్తే గంటలో ఆరవు, తెల్లారాల్సిందే. కొత్తగా ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళు ముందు "ఇది పాడైనట్టుందే" అనుకుంటారు. గది మాత్రం 20–21 దగ్గర కదలకుండా ఉంటుంది.

అందుకే పొద్దున్న కట్టేసి సాయంత్రం తిప్పే అలవాటు పనికిరాదు. గోరువెచ్చటి నీళ్ళతో చల్లబడిన గదిని మళ్ళీ లేపాలంటే గంటలు పడుతుంది. తొందరగా లేపాలని నీళ్ళ వేడి పెంచితే, పెంచిన ప్రతి డిగ్రీకీ హీట్ పంపు సుమారు 2.5 శాతం ఎక్కువ కరెంటు తాగుతుంది. 35 డిగ్రీల నీళ్ళిచ్చేటప్పుడు ఒక యూనిట్ కరెంటుకు 4 యూనిట్ల దాకా వేడి ఇచ్చే యంత్రం 55 అడిగితే మూడుకు దిగిపోతుంది, గడ్డకట్టే చలిలో ఇంకా కిందికి. ఇంకో తిప్పలుంది. అందరూ థర్మోస్టాట్లు (గది వేడిని బట్టి నీళ్ళను ఆపే రేడియేటర్ వాల్వులు) మూసేస్తే నీళ్ళు తిరగడానికి దారి ఉండదు, హీట్ పంపులోని కంప్రెసర్ నిమిషాల్లో ఆగి మళ్ళీ మొదలవుతుంటుంది, ఆయుష్షు తగ్గిపోతుంది. గదుల థర్మోస్టాట్లు ముందు పూర్తిగా తెరిచి ఉంచి, బయటి చలికి తగ్గట్టు నీళ్ళ వేడి ఎంతుండాలో చెప్పే హీటింగ్ కర్వ్‌ను ఒకసారి సరిచేసుకోవడమే సరైన పద్ధతి.

ఈ భవనాల్లో ఎక్కువగా చెడిపోయేది యంత్రం కాదు, నీళ్ళ పంపకం. ఒక్కో రేడియేటర్ వాల్వ్‌నూ దాని గదికి కావాల్సినంత నీటికే బిగించకపోతే కింది అంతస్తు ఉడికిపోతుంది, పై అంతస్తు చివరి గది వణుకుతుంది. ఆ చివరి గది ఫిర్యాదు చేయగానే ఎవరో ఒకరు భవనం మొత్తానికి వేడి పెంచేస్తారు. బిల్లు అందరికీ పెరుగుతుంది, చివరి గది మాత్రం చల్లగానే ఉంటుంది.

మీకు గొడవ కావాలంటే ఇదిగో: జర్మనీలో తాపన ఖర్చులో 50 నుంచి 70 శాతం ఎవరి వాడకాన్ని బట్టి వాళ్ళకు, మిగతాది ఇంటి విస్తీర్ణాన్ని బట్టి పంచాలి. బయటి గోడలకు ఇన్సులేషన్ వేస్తారు గానీ ఫ్లాటుకూ ఫ్లాటుకూ మధ్య గోడలకు వేయరు. పక్కింటాయన రేడియేటర్లు కట్టేసుకుని కూర్చుంటే మీ పాత్ర ఇంటి గోడలోంచి వెళ్ళే వేడితోనే 17 డిగ్రీల్లో గడిపేస్తాడు, ఆ ఖర్చు ఆవిడ మీటర్లో పడుతుంది. సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తితే రాత్రి పదింటికీ తేలదు.

కిటికీలు తెరుచుకుంటాయి. తెరవాలి కూడా. 20 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే, గోడ మూలల్లో ఉపరితలం 12.6 డిగ్రీల కన్నా చల్లబడినచోట బూజుకు కావాల్సిన తడి చేరుతుంది. బిగుతైన కిటికీలు పెట్టి గోడలు వదిలేసిన ఇళ్ళలో మంచం వెనక, బీరువా వెనక నల్లబడేది అందుకే. గాలి మార్చే యంత్రం లేని ఇంట్లో రోజుకు రెండు మూడుసార్లు ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి ఐదు నిమిషాల్లో మూసేయాలి. ఓరగా తీసి రోజంతా వదిలేస్తే గాలి సరిగ్గా మారదు, కిటికీ చుట్టూ గోడ మాత్రం చల్లబడిపోతుంది.

తీగలమీదపిట్ట:

కరెంటు వైపు నుంచి నాలుగు మాటలు.

జనవరి మధ్యలో లైప్‌జిగ్‌లో పొద్దు పొడిచేది 8 దాటాకే, 7కి కటిక చీకటి. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 18 డిగ్రీల ఎత్తు మించడు, ఎదురు భవనం నాలుగంతస్తులైతే రెండో అంతస్తు బాల్కనీకి ఆ ఎండా దక్కదు. పైకప్పు ప్యానెళ్ళకు డిసెంబర్‌లో వచ్చేది జూన్‌లో వచ్చేదాంట్లో ఐదో వంతు అటూ ఇటూ. ఎండాకాలంలోనూ కాఫీ లెక్క కుదరదు. 2024 మే నుంచి జర్మనీ నిబంధనల ప్రకారం ప్లగ్గులో పెట్టే బాల్కనీ సోలార్‌కు ప్యానెళ్ళు 2000 వాట్ల దాకా ఉండొచ్చు గానీ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) 800 దాటకూడదు. నీళ్ళు కాచే కెటిల్ లాగేది సుమారు 2000. మిగతా 1200 గోడలోంచే రావాలి. ఫ్రిజ్, రౌటర్, ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్నాచితకా సామాన్ల కోసం పెట్టుకునేది అది.

గ్రిడ్ పడిపోతే ప్యానెళ్ళున్న ఇళ్ళు నడుస్తాయన్నది పెద్ద తప్పు. గ్రిడ్ ఓల్టేజీ కనపడకపోతే ఇన్వర్టర్ 0.2 సెకన్లలో ఆగిపోవాలి, లేకపోతే తీగలు బాగుచేసే మనిషి ప్రాణం పోతుంది. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12:33కి స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగమంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎండ దంచుతున్న వేళ అది. అయినా బ్యాటరీ, గ్రిడ్‌ను విడదీసే స్విచ్ లేని సోలార్ ఇళ్ళు పక్కిళ్ళతో పాటే ఆగిపోయాయి. మీ భవనంలో ఆ స్విచ్ ఉందని రాయాలంటే, మెట్ల దీపాలు, సెల్లార్‌లోని నీళ్ళ పంపు వరకే దానికి తగిలించారని రాయండి. లిఫ్ట్ జోలికి వెళ్ళకండి, 1960ల నాలుగంతస్తుల భవనంలో అది లేకపోయినా ఎవరూ ఆశ్చర్యపోరు.

వాషింగ్ మెషీన్ అర్ధరాత్రి కాచుకోవడం చదివి నవ్వొచ్చింది, అందరూ అదే రాస్తారు. ఒక వాయికి అది వాడేది ఒక యూనిట్ కూడా కాదు. కరెంటు ధరలో తేడా యూనిట్‌కు 20 సెంట్లున్నా ఆవిడకు మిగిలేది ఆ 20 సెంట్లే, అదీ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు చేయకూడదన్న ఇంటి నియమం మీరి, కింది ఇంటివాళ్ళతో మాట పడి. జరిపి వాడాల్సినవి పెద్దవి: 50 యూనిట్లు పట్టే కారు బ్యాటరీ, వేడినీళ్ళ ట్యాంకు, హీట్ పంపు. పైగా సోలార్ పెరిగాక ఎండాకాలంలో చవక వేళ మధ్యాహ్నమే. 2024లో జర్మనీ హోల్‌సేల్ మార్కెట్లో 457 గంటలపాటు ధర సున్నా కన్నా కిందికి పోయింది.

రేపటి ధరలు ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలోనే తెలిసిపోతాయి. 2025 అక్టోబర్ నుంచి పావుగంటకొక ధర, రోజుకు 96. ఆవిడ భోజనం బల్ల దగ్గర ఫోన్‌లో ఒకసారి అటు చూస్తుంది, అంతే. మిగతాది ఇంట్లోని కంట్రోల్ పెట్టెలు చూసుకుంటాయి. వీధి తీగ మీద బరువు ఎక్కువైతే కారు ఛార్జింగ్ ఆపేస్తారని కూడా రాయకండి. 2024 జనవరి తర్వాత పెట్టిన ఛార్జర్లను, హీట్ పంపులను నెట్‌వర్క్ కంపెనీ 4.2 కిలోవాట్లకు తగ్గించగలదు, పూర్తిగా తీసేయలేదు. ఆ వేగంతో గంట ఛార్జ్ చేస్తే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. బదులుగా నెట్‌వర్క్ రుసుములో తగ్గింపు ఉంటుంది.

చిత్తుప్రతి:

వేడినీళ్ళు గారూ, పక్కింటాయన దొరికాడు, కథ కదిలింది. చాలా థ్యాంక్స్.

తీగలమీదపిట్ట గారూ, గ్రిడ్ పడిపోవడం తీసేశాను. బదులుగా పది రోజులు మబ్బు, గాలి లేదు, ఎముకలు కొరికే చలి అని పెడుతున్నాను. భవనం సెల్లార్‌లో 10 యూనిట్ల బ్యాటరీ ఉంది. ఆవిడ ఏం గమనిస్తుంది?

తీగలమీదపిట్ట:

జర్మన్లు దాన్ని డుంకెల్‌ఫ్లౌటె అంటారు, చీకటి పట్టి గాలి ఆగిపోవడం. బ్యాటరీని మర్చిపోండి. భవనంలో పన్నెండు ఫ్లాట్లనుకుందాం, ఒక్కోటి 3 కిలోవాట్లు, మొత్తం 36 కిలోవాట్ల వేడి. ఆ చలిలో యూనిట్‌కు మూడే వస్తుందనుకున్నా హీట్ పంపుకు 12 కిలోవాట్ల కరెంటు కావాలి. 10 యూనిట్ల బ్యాటరీ గంట కూడా నిలవదు. బ్యాటరీ ఉన్నది సాయంత్రాన్ని దాటించడానికి, వారాన్ని కాదు.

ఆ పది రోజుల్ని దాటించేవి ఆవిడకు కనపడవు. నార్వే జలవిద్యుత్తు నుంచి వచ్చే నార్డ్‌లింక్ సముద్రపు కేబుల్, 1,400 మెగావాట్లు, 2021 నుంచి నడుస్తోంది. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే తిరిగే టర్బైన్లు, 2045 నాటికి వాటిలో మండేది హైడ్రోజన్ లేదా బయోగ్యాస్ అనుకోవచ్చు. వేడిని నిల్వ చేసే పెద్ద ట్యాంకులు, బెర్లిన్‌లో ఇప్పటికే 5.6 కోట్ల లీటర్ల ట్యాంకు ఒకటుంది. ఆవిడకు కనపడేది ధర ఒక్కటే. 2024 డిసెంబర్ 12 సాయంత్రం అలాంటి వాతావరణంలోనే మార్కెట్ ధర మెగావాట్-అవర్‌కు 936 యూరోలకు, అంటే పన్నులు కలపకుండానే యూనిట్ 94 సెంట్లకు ఎక్కింది. మారే ధరల ఒప్పందం తీసుకున్నవాళ్ళే ఆ దెబ్బ నేరుగా తింటారు. ఆవిడది స్థిర ధరా మారే ధరా అన్నది ముందు తేల్చుకోండి, ఆ పది రోజుల్లో ఆవిడ మనసు ఎలా ఉంటుందన్నది దాని మీదే ఆధారపడుతుంది.

పట్టాలు:

కోపెన్‌హాగెన్‌కు రాత్రి రైలు ఎందుకండీ? ఇప్పుడు హాంబర్గ్ నుంచి రైలు ఫ్లెన్స్‌బర్గ్ మీదుగా డెన్మార్క్ చుట్టి వెళ్తుంది, నాలుగున్నర ఐదు గంటలు. జర్మనీ, డెన్మార్క్ మధ్య కడుతున్న ఫేమార్న్‌బెల్ట్ సొరంగం తెరుచుకుంటే రెండున్నర గంటలు. సముద్రం అడుగున కందకం తవ్వి, ఒడ్డున పోత పోసిన కాంక్రీటు గొట్టాలను తేల్చి తీసుకెళ్ళి ముంచి అతికిస్తున్నారు. మొత్తం 89 ముక్కలు, మామూలు ముక్క ఒక్కోటి 217 మీటర్ల పొడవు, 73,000 టన్నులు. సొరంగం పొడవు 18 కిలోమీటర్లు. ప్రారంభం అనుకున్న 2029 నుంచి వెనక్కి జరిగింది, మీ 2045కు ఇబ్బంది లేదు. లైప్‌జిగ్ నుంచి హాంబర్గ్‌కు మూడు గంటల పైన, అక్కడ రైలు మారడం, మొత్తం ఆరేడు గంటల పగటి ప్రయాణం. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి కూతురి దగ్గర.

రాత్రి రైలు రోమ్‌కు పెట్టండి. ఆస్ట్రియా, ఇటలీ మధ్య 55 కిలోమీటర్ల బ్రెన్నర్ సొరంగం 2032కు తెరవాలని ప్రణాళిక. అయినా అది చవగ్గా ఉంటుందని రాయకండి. ఎనభై మంది కూర్చునే పెట్టెలో ముప్పై నలభై మందే పడుకోగలరు, ఆ పెట్టె రోజుకు ఒక్క ట్రిప్పే వేస్తుంది, ఉతకాల్సిన దుప్పట్లు వేరే. జర్మనీ, ఆస్ట్రియా తీగల్లో 15 కిలోవోల్టులు 16.7 హెర్ట్జ్, ఇటలీ పాత లైన్లలో 3 కిలోవోల్టుల డీసీ. రెండిటికీ పనికొచ్చే ఇంజన్ కావాలి, లేదా సరిహద్దులో ఇంజన్ మార్చాలి. నిద్రలో ఆవిడకు తెలిసేది ఆ మార్పిడి కుదుపే.

కారు లేకుండా సరుకులు మోసే ఎలక్ట్రిక్ సైకిల్ పెడితే ఒకటి గుర్తుంచుకోండి: ఖాళీ బండే 30–40 కిలోలు, సెల్లార్ మెట్లు దింపలేరు. ముందు వాకిట్లో షెడ్డు కావాలి. బ్యాటరీని మాత్రం ఇంట్లోకి తెచ్చుకోవాలి, సున్నా కన్నా చల్లగా ఉన్న లిథియం సెల్‌ను ఛార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని పాడైపోతుంది.

ఖాళీసీసా:

వంటింట్లో గాజు లేదనడం నాకు మింగుడు పడలేదు. జర్మనీ నీళ్ళ సీసా, నడుము దగ్గర ముత్యాల్లాంటి బుడిపెలున్న 0.7 లీటర్లది, 1969 నాటి డిజైన్. ఏ కంపెనీ నింపినా అదే సీసా, అందుకే ఎక్కడ తిరిగిచ్చినా దగ్గర్లోని నింపే చోటికి పోతుంది. యాభైసార్ల దాకా నింపుతారు. బల్ల మీదికి వచ్చినప్పుడు దాని భుజం చుట్టూ, అడుగున గీరుకుపోయిన తెల్లటి పట్టీ ఉంటుంది, పెట్టెల్లో ఒకదానికొకటి రాసుకుని ఏర్పడింది. ఆ పట్టీ ఎంత మందంగా ఉంటే సీసా అంత ముసలిది. 2045 వంటింట్లో నాకు కనపడేది ఆ సీసానే.

సీసా తిరిగిస్తే వెనక్కి వచ్చే డిపాజిట్ ఇప్పటి లెక్కలో ఆ సీసాకు 15 సెంట్లు, బీరు సీసాకు 8, ఒక్కసారి వాడి పారేసే సీసాకు, డబ్బాకు 25. పారేసేదానికే ఎక్కువ. వాటిని షాపులో వెనక్కి తీసుకునే మెషీన్ బార్‌కోడ్, ఆకారం చూసి తీసుకుంటుంది, నలిపేస్తే వెనక్కి తోసేస్తుంది.

కరిగిపోయే సంచులు వద్దు. వంటింటి చెత్తను బయోగ్యాస్ ట్యాంకులో ఉంచేది కొన్ని వారాలు, సంచి కరగడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ప్లాంటులో దాన్నీ మామూలు ప్లాస్టిక్‌నూ వేరు చేయలేక రెండూ ఏరి తగలబెడతారు. పాత వార్తాపత్రికలో చుట్టి వేయడమే మేలు, తడి పీల్చుకుంటుంది, పురుగు పట్టదు. 2045లో కాగితం పత్రిక దొరుకుతుందా అన్నది మీ ఇష్టం.

ఆవిడ వాషింగ్ మెషీన్ పద్నాలుగేళ్ళ పాతదని రాయండి. 2021 నుంచే ఆ మోడల్ అమ్మకాలు ఆగాక పదేళ్ళపాటు విడిభాగాలు ఇవ్వాలన్న నియమం ఉంది, అడిగిన 15 పనిదినాల్లో పంపాలి. చిక్కు ఒక్కచోట: డ్రమ్ము, దాని బేరింగులు "విడిగా లేదా కలిపి" అమ్మొచ్చని నియమంలోనే ఉంది. కలిపి అమ్మితే చిన్న బేరింగు కోసం డ్రమ్మంతా కొనాలి. 2045కు ఆ మాటలు సవరించేశారని రాస్తే నాకు అభ్యంతరం లేదు.

పట్టాలు:

వేడినీళ్ళు గారికి చిన్న సవరణ. లైప్‌జిగ్‌లో డిస్ట్రిక్ట్ హీటింగ్ నెట్‌వర్క్ (ప్లాంట్ల నుంచి గొట్టాల్లో భవనాలకు వేడినీళ్ళు పంపే ఏర్పాటు) పెద్దది. దక్షిణాన హైడ్రోజన్‌కు మారగల టర్బైన్లతో కొత్త ప్లాంటు ఉంది, పడమట ఎండతో నీళ్ళు కాచే 41 మెగావాట్ల సోలార్ థర్మల్ క్షేత్రం కట్టారు. జనాభా లక్ష దాటిన నగరాలు ఏ వీధికి నెట్‌వర్క్, ఏ వీధికి హీట్ పంపు అన్న ప్లాన్ 2026 జూన్ 30 లోపు ఇవ్వాలని చట్టం. కథలో ముందు వీధి తేల్చుకోవాలి కదా?

వేడినీళ్ళు:

నిజమే, అది ముందు అడగాల్సింది నేనే. నెట్‌వర్క్ అయితే సెల్లార్‌లో బీరువా అంత పెట్టె, అందులో నెట్‌వర్క్ నీళ్ళ వేడిని భవనం నీళ్ళకు అందించే ప్లేట్ల హీట్ ఎక్స్‌ఛేంజర్. రేడియేటర్ల సంగతి అంతా అలాగే ఉంటుంది, ఎందుకంటే నెట్‌వర్క్‌కూ తిరిగొచ్చే నీళ్ళు చల్లగానే కావాలి. కోపెన్‌హాగెన్‌లో వేడిగా తిప్పి పంపితే అదనపు రుసుము వేస్తారు, కూతురి ఇంట్లో ఆ మాట రావచ్చు.

చిత్తుప్రతి:

నెట్‌వర్క్ వీధే పెడతాను. కానీ హీట్ పంపు పూర్తిగా పోతే బాధగా ఉంది. ఎదురు భవనం నెట్‌వర్క్‌కు అందని చివర ఉందని రాస్తే, ఆవిడ కిటికీలోంచి దాని పెరట్లో ఏం కనపడుతుంది?

వేడినీళ్ళు:

సున్నా దగ్గర, తేమగా ఉన్న పొద్దున్న చూడమనండి. అప్పుడే యంత్రం రెక్కల మీద మంచు వేగంగా పడుతుంది. గంటకో రెండు గంటలకో ఫ్యాన్ ఆగిపోతుంది, యంత్రం వేడిని వెనక్కి తిప్పి ఆ మంచును కరిగిస్తుంది, ఒక్కసారిగా తెల్లటి ఆవిరి మేఘం రెండో అంతస్తుదాకా లేస్తుంది. కొత్తవాళ్ళు నిప్పంటుకుందనుకుంటారు. కొన్ని నిమిషాల్లో ఫ్యాన్ మళ్ళీ తిరుగుతుంది. కింద లీటర్ల కొద్దీ నీళ్ళు కారతాయి, వాటిని గడ్డకట్టని లోతులో కంకర గుంతకు దింపకపోతే నడిచే దారి మీద గాజులా పేరుకుంటుంది. చుట్టూ ఒక మీటరు దాకా సెల్లార్ కిటికీ గానీ మురుగు మూత గానీ కనపడనివ్వకండి. యంత్రంలో వేడిని మోసే ప్రొపేన్ మండే వాయువు, గాలి కన్నా బరువు, కారితే పల్లానికే పోతుంది.